మొగ్గలు తుంచిన చేతులు

ఫిబ్రవరి 6

మా ఆవిడ దిండు పారేశాను. ఎన్నేళ్ళ నాటి దూదో, గట్టిగా తడితే పిండిమరలో లేచినట్టు దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ము గొంతులోకి పోయి కూర్చుంటే మనిషికి ఆయాసం రాక ఏం చేస్తుంది. కొత్త దిండు తెచ్చి మంచం మీద పెట్టాను.

"నా దిండుకేమైంది?" అంది.

"పాతబడింది."

"మీరూ పాతబడ్డారు. మిమ్మల్ని పారేశానా?"

నవ్వింది. ఆ నవ్వులోనే దగ్గు వచ్చింది. కానీ రాత్రంతా ఆయాసం లేదు. దిండే.

ఫిబ్రవరి 7

దిండు కాదు.

ఫిబ్రవరి 12

పక్కింటి మాస్టారు గేటుకి రంగు వేయించాడు. ఆ వాసనకి నాకే తల తిరుగుతోంది, తనకి ఊపిరాడకపోవడంలో వింతేముంది. ఇంకా ఎన్నాళ్ళు వేస్తారని అడిగాను. "మొన్ననే అయిపోయింది కదండీ" అన్నాడు. అయితే ఆరేదాకా ఆగాలి.

సాయంత్రం మెట్టు మీద కూర్చుని జాజితీగకి కొత్త చిగురు వచ్చిందని చెబుతూ మాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. వీపు నిమురుతూ కూర్చున్నాను. నిమిరితే ఏమవుతుంది. కుట్టుమిషన్ బిగిసిపోతే విప్పుతాను, తుడుస్తాను, నూనె చుక్క వేస్తాను, మళ్ళీ తిరుగుతుంది. ఇన్నేళ్ళుగా చేతికి వచ్చిన పని అదొక్కటే. మనిషిని విప్పలేను.

రంగు ఆరితే తగ్గుతుంది.

ఫిబ్రవరి 16

రంగు ఆరింది. దుప్పట్లన్నీ ఉడకేశాను. కిటికీ తెరలు తీసి కట్ట కట్టాను. వీధి పిల్లిని తరిమాను, అది గోడ మీద కూర్చుని నన్ను చూసి ఆవలించింది. ఇంకేం మిగిలాయి?

ఏం మిగిలాయో తెలుసు. రాయను.

ఫిబ్రవరి 19

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తన చేతి మీద వరసగా చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కలో ఒక్కో మందు వేసి సూదితో గుచ్చారు. ఏది పడదో అది వాస్తుందట. తర్వాత లోపల కూర్చోబెట్టి ముక్కుకి గొట్టం తగిలించి మందు ఆవిరి పట్టారు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. నా దుకాణంలో ఉన్న మిషన్లకన్నా వయసులో చిన్నది.

"ఇంట్లో పూల మొక్కలున్నాయా?"

"ఉన్నాయండీ."

"ఎక్కువగానా?"

"మొక్కల మధ్యలో ఇల్లుంది" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "తీసేయాలి. ఆ పుప్పొడి, ఆ ఘాటు వాసన, రెండూ ఆవిడకి పడటం లేదు. మందులు రాస్తాను, కానీ అవి ఇంటి చుట్టూ ఉన్నంతకాలం మందుతో లాభం లేదు. ఈసారి గట్టిగా వస్తే ఇక్కడిదాకా తీసుకొచ్చే వ్యవధి మీకు ఉండకపోవచ్చు. ఆవిడకి మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నేను చెప్తాను."

బస్సులో చెప్పాను. "దుమ్ము పడదట."

"దుమ్మేనా?"

"దుమ్మే."

చేతి మీద వాచిన చోట వేలితో రుద్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. నమ్మింది. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట రెండో ప్రశ్న లేకుండా నమ్మడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 20

తీసేయాలి. ఎంత సులువుగా అంది.

ఆ డాక్టరమ్మకి గోడ సంగతి తెలియదు. పూర్తిగా ఎవరికీ తెలియదు, మాకిద్దరికి తప్ప. చాలా ఏళ్ళ కిందట, కడుపులో బిడ్డ ఏడో నెలలో చనిపోయినప్పుడు, తను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఒక పూట కాదు, ఒక వారం కాదు. పల్చటి దుప్పటి పోయి మందపాటి దుప్పటి వచ్చింది, మళ్ళీ పల్చటిది వచ్చింది, తను ఇటు తిరగలేదు. అన్నం పెడితే తినేది. లేపితే లేచేది. మళ్ళీ గోడ. సున్నం పెచ్చు లేచిన చోట గోరుతో గీకి గీకి గుంట చేసింది. మంచం జరిపితే ఇప్పటికీ కనిపిస్తుంది, అందుకే మంచం జరపం.

అప్పుడు గౌన్లు కుట్టే ముసలావిడ ఒకావిడ, తన మిషన్‌కి అడుగుదారం పట్టే షటిల్ మార్చి ఇస్తే, రేకు డబ్బాలో గుచ్చిన మల్లె కొమ్మ నా చేతిలో పెట్టింది. మీ ఆవిడకివ్వు నాయనా అంది. కొమ్మ కూడా కాదు, పుల్ల. కిటికీలో పెట్టి మర్చిపోయాను. ఒకరోజు దుకాణం కట్టేసి వచ్చేసరికి తను ఇటు తిరిగి ఉంది. "దానికి నీళ్ళు పోశారా?" అంది. ఎన్ని నెలలకో మొదటి మాట. ఆ రేకు డబ్బా పట్టుకుని నేను కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను, నీళ్ళు పొంగి కాళ్ళ మీద పడేదాకా.

ఆ పుల్లే ఇప్పుడు మెట్టు పక్కన నా నడుమెత్తున ఉన్న పొద. దాని వెనకే అన్నీ వచ్చాయి. జాజితీగ, గులాబీలు, మరువం, లిల్లీ దుంపలు, వెనక గోడ పొడవునా రాత్రిపూట పూసే రేరాణి. ఏటేటా విత్తుకునే పూలు తనకి గిట్టవు. ఓసారి నర్సరీ అతను బంతి నారు ఊరికే ఇస్తానంటే తిప్పి పంపేసింది. "ఆర్నెల్లకి చచ్చిపోయేవాటిని నేను పెంచను" అంది. నరికినా లేచేవి, ఎండిపోయినట్టే ఉండి వేరులోంచి మళ్ళీ వచ్చేవి, అవే కావాలి తనకి.

నాకు వాసనలు తెలియవు. నా ముక్కుకి తెలిసిందల్లా మిషన్ నూనె, కిరోసిన్. "నూనె చేతులతో నా పిల్లల దగ్గరికి రాకండి, వెళ్ళి కడుక్కోండి" అని రోజూ గొడవ. తనే నేర్పింది. గులాబీ మీద ముక్కు పెట్టి పీల్చకూడదట. పక్కన నిలబడి వేరే పని చూసుకుంటుంటే అదే వస్తుందట. మరువం అడిగితే గాని ఇవ్వదు, ఆకు నలపాలి. జాజి పొద్దుగూకే ముందు నెమ్మదిగా మొదలుపెడుతుంది. రేరాణికి సిగ్గూ శరమూ లేదు, వీధి చివరిదాకా వినిపిస్తుంది. మల్లె మాత్రం ఇంట్లోకి వచ్చి మన మంచం మీదే కూర్చుంటుందని తన మాట. ఇవన్నీ చెప్పేటప్పుడు తన మొహం చూడాలి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొక్కలుంటే ఊపిరి పోతుంది. మొక్కలు పోతే గోడ. నాకేం చేయాలో తెలియడం లేదు. నిజంగా తెలియడం లేదు.

ఫిబ్రవరి 24

దారి దొరికింది.

పడనిది మొక్క కాదు, పువ్వు. పువ్వు లేకపోతే పుప్పొడి లేదు, వాసన లేదు. మొగ్గలోనే తుంచేస్తే సరి. ఆకులు ఉంటాయి, తీగలు ఉంటాయి, తనకి నీళ్ళు పోసుకోవడానికి, మాట్లాడుకోవడానికి అన్నీ ఉంటాయి. పామూ చావాలి, కర్రా విరగకూడదు.

కొత్త మందుకి మధ్యాహ్నం మత్తు వస్తోందని పడుకుంటోంది. భోజనానికని ఇంటికి వచ్చి, తను పడుకున్నాక దారాలు తెంపే చిన్న కత్తెర తీసుకుని పెరట్లోకి దిగాను. మొగ్గ ఒక్కటే తుంచితే మొండి కాడ కనిపిస్తుంది, కనిపెట్టేస్తుంది. అందుకని కొస చిగురుతో సహా కత్తిరించాను. మల్లె, జాజి, తర్వాత గులాబీ. తుంచినవన్నీ సంచిలో వేసి దుకాణం దగ్గర చెత్తకుండీలో పోశాను.

చేతులకి పచ్చివాసన అంటుకుంది. సబ్బుతో పోలేదు. అన్నానికి కూర్చునే ముందు మిషన్ నూనె పూసుకున్నాను, పోయింది. తన దగ్గర నా చేతులు నూనె వాసన రావడం కొత్తేమీ కాదు కదా.

ఫిబ్రవరి 28

నాలుగు రోజులుగా ఆయాసం లేదు. డాక్టరు చదువు చదవకపోయినా నేను కనిపెట్టాను.

మార్చి 3

"మల్లె మొగ్గలు ఏమైనట్టు?" అని అడిగింది.

"పురుగేమో" అన్నాను.

"అయ్యుంటుంది. పెద్ద పురుగే" అంది. పార పట్టుకుని పాదులు తవ్వమంది. ఎరువు తెప్పించి నా చేతే వేయించింది. పువ్వు రాకూడదని మధ్యాహ్నం కత్తిరిస్తాను, పువ్వు రావాలని సాయంత్రం ఎరువు వేస్తాను. నన్ను చూసి గోడ మీది పిల్లి కూడా నవ్వుతుంది.

మార్చి 5

గులాబీ ముళ్ళకి వేళ్ళన్నీ గీరుకుపోయాయి. అన్నం తినేటప్పుడు చూసింది.

"మిషన్ గీరిందా?"

"ఊఁ."

"ఎడమ చేతికి తొడుగు వేసుకోండి. మీ మిషన్‌కి ముళ్ళు ఎక్కువ" అంది. మందు తెచ్చి రాసింది. రేపు కూడా భోజనానికి ఇంటికే రమ్మంది. ఇదివరకు క్యారేజీ కట్టి పంపేసేది.

మార్చి 8, ఆదివారం

దుకాణానికి సెలవు. తన అక్క, మా వదిన, చూడటానికి వచ్చింది. నేను పెరట్లో పని ముగించి చేతులకి నూనె పూసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. వదిన ముక్కు ఎగబీల్చింది.

"సెలవునాడు కూడా నూనేనా మరిదిగారూ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు తొడల కింద పెట్టుకున్నాను. తను వంటగదిలోంచి కేకేసింది. "ఇంట్లో మిషన్ బాగుచేస్తున్నారక్కా. పొద్దుటి నుంచీ అదే పని."

ఇంట్లో మిషన్ పాడవలేదు. నా తరఫున ఎందుకు అబద్ధం ఆడిందో తెలియదు. అడగలేదు. అడిగితే నేనూ చెప్పాల్సి వస్తుంది.

వదిన పోతూ గుమ్మంలో నెమ్మదిగా అంది. "దానికి ఏదైనా అయితే నేను తట్టుకోలేను మరిదిగారూ. ఆ రోజుల్లో దాన్ని మీరే బతికించారు." నేను కాదు వదినా, ఆ పుల్ల బతికించింది. పైకి అనలేదు.

మార్చి 13

మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుంది.

మార్చి 14

ఇవాళ కూడా.

మార్చి 16

రోజూ అటే తిరుగుతోంది. పువ్వులు లేక దిగులు పట్టుకుంది, అంతే. మళ్ళీ మొదలవుతోందా? నేను గుమ్మంలో కత్తెర పట్టుకుని నిలబడి తన వీపు చూస్తున్నాను. పిలవాలనిపిస్తుంది. పిలిస్తే లేస్తుంది, లేస్తే పెరట్లోకి పోలేను. పిలవకుండా పెరట్లోకే పోతున్నాను.

అయితే సాయంత్రం లేచి మెట్టు మీద కూర్చుంటుంది, కబుర్లు చెబుతుంది. "ఎంత గుబురుగా వస్తున్నాయో చూశారా" అంటుంది. గోడవైపు తిరిగిన మనిషి సాయంత్రం నవ్వదు కదా. మత్తు మందే.

మార్చి 21

చేతికి అందడం లేదు. ఒకటి కత్తిరించిన చోట రెండు కొమ్మలు లేచాయి, రెండు ఉన్న చోట నాలుగు. ఆకు సందుల్లోంచి, మోడులోంచి, నేను చూడని కొమ్మ కిందనుంచి మొగ్గలే. మల్లెపొద మునుపటికి రెండింతలైంది. మధ్యాహ్నం అంతా కత్తిరించినా సగం మిగిలిపోతున్నాయి. దుకాణం ఆలస్యంగా తీస్తున్నానని టైలర్లు విసుక్కుంటున్నారు. ఒకతను మిషన్ వెనక్కి తీసుకుపోయాడు. పోనీ.

రాత్రి కొంచెం ఎగపోసింది. పీల్చే మందుతో తగ్గింది. ఈ మాటు త్వరగా తగ్గింది, అది మంచి గుర్తు.

కాదు, మంచి గుర్తు కాదు. నాకు భయమేస్తోంది.

మార్చి 25

మిషన్లు కడిగే కిరోసిన్ సీసా దుకాణం నుంచి తెచ్చాను. మొక్క మొదలు దగ్గర పోసేస్తే వేరుతో పోతుంది. ఏదో తెగులు సోకిందనుకుంటుంది. మల్లె దగ్గర మూత తీసి నిలబడ్డాను. మొదట్లో ఇంకా ఆ రేకు డబ్బా అంచు కనిపిస్తోంది, తుప్పు పట్టి మట్టిలో కలిసిపోయి. డబ్బా కోసి పాతిపెట్టింది నేనే.

మూత పెట్టేశాను. ఎవరైనా వచ్చి నా బదులు ఈ పని చేసిపోతే బాగుండు. దొంగలు మొక్కలు ఎత్తుకుపోతే బాగుండు. ఇలాంటి కోరికలు కోరే స్థితికి వచ్చాను.

మార్చి 29

ఊరి అవతల బట్టల కార్ఖానాలో మిషన్లన్నీ ఒక్కసారి మొరాయించాయి. పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక రావాలి, అలా రెండు మూడు రోజులు. దుకాణం అద్దె నిలబడాలంటే తప్పదు. వెళ్ళనన్నాను. మధ్యాహ్నం నేను లేకపోతే ఎలా అనేశాను.

"నేనేం చిన్నపిల్లనా? భోజనం ఒక్కదాన్నీ చేయలేనా?" అంది. "వెళ్ళిరండి. రెండు రోజులకేం కాదు."

రెండు రోజులకేం కాదు.

ఏప్రిల్ 1

ఊపిరి ఉంది.

ఏప్రిల్ 2

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. రాయకపోతే చేతులు ఊరుకోవడం లేదు.

మొన్న సాయంత్రం కార్ఖానా పని ముగిసి, వెలుతురు ఉండగానే బస్సు దిగాను. వీధి మొదట్లోనే వాసన తగిలింది. నా కాళ్ళు ఆగిపోయాయి. పక్కింటి మాస్టారు గేటు దగ్గర నిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు. "మీ ఇల్లు అదృష్టం చేసుకుందండీ" అన్నాడు. పరిగెత్తాను.

పెరడంతా తెల్లగా ఉంది. అన్నేళ్ళలో అట్లా పూయడం నేను చూడలేదు. ఆకు కనిపించనంత మల్లె, మొక్క బరువుకి వంగిపోయింది. జాజి గోడ దాటి అవతల పడింది. గులాబీలు గుత్తులు గుత్తులుగా. లిల్లీలు నిటారుగా నిలబడ్డాయి. నేను కత్తిరించిన ప్రతి కొస తిరిగి వచ్చి పూసింది.

తను మెట్ల ముందు రెండు కుర్చీలు వేసి, తలంటు పోసుకుని, పెట్టెలో దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని కూర్చుంది. నన్ను చూసి పక్క కుర్చీ చూపించింది.

"కూర్చోండి. చేతులు కడుక్కోకపోయినా ఫరవాలేదు ఇవాళ."

"లోపలికి పద" అన్నాను.

"కాసేపు."

కూర్చున్నాను. నేను కూర్చున్నాను. ఆ మాట రాసి తీరాలి. లాక్కుపోవాల్సిన మనిషిని, ఎత్తుకుపోవాల్సిన మనిషిని, పక్కన కూర్చున్నాను. ఎందుకంటే తన మొహం. రేకు డబ్బా చూసి ఇటు తిరిగిన రోజున కూడా ఆ మొహం అంత నిండుగా లేదు. తను వేలు పెట్టి చూపిస్తూ ఇది మరువం, గాలి మళ్ళింది కదా అందుకే అడగకుండా ఇచ్చింది, అదిగో ఇప్పుడు జాజి లేస్తోంది, అని చెబుతుంటే మొదటిసారి నాకు అవన్నీ విడివిడిగా తెలిశాయి. ఒకదాని వెనక ఒకటి. నా నూనె ముక్కుకి. ఎంత బాగుంది. దేవుడా, ఎంత బాగుంది.

తర్వాత తన చేయి నా మణికట్టు మీద బిగిసింది. పెదాలు నీలంగా మారాయి. ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాను. మాస్టారు కారు తీశాడు. కారులో కూడా తన బట్టల్లోంచి మల్లె వాసన వస్తూనే ఉంది. కిటికీలన్నీ దింపినా పోలేదు.

ఏప్రిల్ 4

ఇవాళ మాస్కు పక్కకి జరిపి మాట్లాడింది. మొదటి మాట ఇది. "మిగతావి కూడా విచ్చాయా?"

దుప్పటి సరిచేశాను.

"మొగ్గలు తుంచింది మీరే కదా" అంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. భోజనానికి వచ్చే మనిషి చేతులు కడుక్కుని వస్తాడు. మీరు నూనె పూసుకుని వచ్చారు. అన్నానికి ముందు నూనె పూసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు."

"నువ్వు పడుకునే ఉన్నావు కదా, మత్తుకి..."

"నాకు మత్తేమీ రాలేదు. మీరు నా మొహం చూస్తూ పని చేసుకోలేరని గోడవైపు తిరిగేదాన్ని."

"మరి ఆపలేదేం?"

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఎందుకు ఆపుతాను? కొస తుంచితేనే పక్క కొమ్మలు లేస్తాయి. నాలుగింతలు పూస్తాయి. ఏటా నేను చేసే పనే అది, మీరెప్పుడు చూశారు గనక. ఈ ఏడు వంగితే ఊపిరాడటం లేదు, ఎవరు తుంచుతారా అని నేను దిగులుపడుతుంటే మీరే కత్తెర పట్టుకుని దిగారు."

కోపం వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి మీద అంత కోపం రావచ్చని నాకు తెలియదు. ఇన్నాళ్ళు నేను తన ప్రాణం కాపాడుతున్నానని అనుకుంటూ, నా చేత్తోనే, నా కత్తెరతోనే. "చచ్చిపోయేదానివి" అన్నాను. పక్క మంచం వాళ్ళు తిరిగి చూశారు.

"తెలుసు. సూదులు గుచ్చింది నా చేతికే కదా, మీ చేతికి కాదు. ఏ చుక్క దేనిదో నర్సునడిగాను. వాచింది పువ్వుల చుక్క. దుమ్ము చుక్క నున్నగా ఉంది. మీరు బస్సులో దుమ్మన్నారు. మీరు చెప్పకపోతే నాకు తెలియనట్టే కదా, ఒక్క పూత చూసుకోవచ్చు అనుకున్నాను. చెప్పుంటే ఆరోజే తీసేయాల్సి వచ్చేది."

"నేనేమైపోతానో అనుకోలేదా?"

తన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడిచాను. నా చేయి పట్టుకుని వాసన చూసింది.

"ఇప్పుడు తీసేయండి" అంది. "చూశాను కదా. అన్నీ తీసేయండి. పారేయొద్దు, ఎవరికైనా ఇవ్వండి."

ఏప్రిల్ 7

దుకాణం ముందు మొక్కలు వరసగా పెట్టాను. మిషన్ కోసం వచ్చిన టైలరల్లా ఒకటి తీసుకుపోతున్నాడు. ఆసుపత్రి నుంచి తను ఫోను చేసి ఒక్కొక్కదానికీ అప్పగింతలు పెడుతోంది. గులాబీకి పొద్దుటెండ కావాలని చెప్పండి. లిల్లీ దుంపని లోతుగా పెట్టొద్దని చెప్పండి. రేరాణిని పడగ్గది కిటికీ దగ్గర పెడితే తలనొప్పి, చెప్పారా? చెప్పాను. మరువం తీసుకున్నతను మంచివాడేనా? మంచివాడే, కాజాలు బాగా కుడతాడు.

సగంలో తన గొంతు ఆగిపోయింది. ఆయాసం కాదు.

ఏప్రిల్ 9

మల్లెని చివరికి ఉంచాను. కొమ్మలు కోసి, చుట్టూ తవ్వి, వేరుమట్టి చెదరకుండా గోనెలో కట్టి గౌన్లు కుట్టే ముసలావిడ ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడ ఇంకా బతికే ఉంది. చూపు ఆనదు, సూదిలో దారం కోడలు ఎక్కిస్తుంది. గోనె తడిమి, ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నాదే. మీ ఆవిడ లేచిందా?"

"ఎప్పుడో లేచిందమ్మా."

"మరి తిరిగి తెచ్చావేం నాయనా?"

గుంత నేనే తవ్వి పాతిపెట్టి వచ్చాను. దారిపొడవునా ఆ గోనె బరువు భుజం మీద ఉన్నట్టే ఉంది.

ఏప్రిల్ 13

ఇంటికి తీసుకొచ్చాను. ఊపిరి శుభ్రంగా ఉంది, డాక్టరమ్మ సంతోషించింది. "చూశారా, చెప్పినట్టు చేస్తే ఎంత తేడానో" అంది.

పెరటి గుమ్మంలో నిలబడి చూసింది. తవ్విన గుంతలు పూడ్చి చదును చేశాను, అయినా మచ్చలు తెలుస్తున్నాయి. తీగలు పోయాక వెనక గోడ సిమెంటు బయటపడింది.

"ఈ గోడ ఇంత దగ్గరగా ఉందా" అంది.

ఏప్రిల్ 15

ఆయాసం లేదు. రెండు ముద్దలు తింది.

ఏప్రిల్ 18

ఆయాసం లేదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాకోసం నటించాల్సిన పని ఇప్పుడేమీ లేదు. పెరట్లో తుంచడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 19

పిలిచాను. ఊఁ అంది. తిరగలేదు.

ఏప్రిల్ 21

గోడ మీద గోరు గీకే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నేను మర్చిపోలేదు. వదినని రమ్మని ఫోను చేశాను, రైలు దొరకగానే వస్తానంది. నర్సరీ అతన్ని అడిగాను, పువ్వు పూయని మొక్కలు ఏమైనా ఉంటాయా అని. రకరకాల ఆకు మొక్కలు చూపించాడు. ఒకటి తెచ్చి కిటికీలో పెట్టాను.

చూడలేదు.

ఏప్రిల్ 22

దానికి నేనే నీళ్ళు పోశాను. తను వినాలని గట్టిగా పోశాను.

ఏప్రిల్ 24

దుకాణంలో ఒక మిషన్ విప్పి ముందేసుకుని కూర్చున్నాను. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తోచలేదు. అన్నీ అట్లాగే వదిలేసి, తలుపు దగ్గరికి లాగి, చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికి వచ్చేశాను.

గోడవైపే ఉంది. గోరు ఆ పాత గుంటలోనే ఉంది.

చెప్పులు విడిచి మంచం ఎక్కాను. తనని దాటి అవతలికి పోయి, గోడకీ తనకీ మధ్య ఉన్న సందులో దూరాను. సందు చాలలేదు. వీపు గోడకి ఒరుసుకుని సున్నం రాలింది. మోకాళ్ళు తనకి తగిలాయి.

"ఏం చేస్తున్నారు?" అంది.

"పడుకుంటున్నాను."

"ఇరుగ్గా ఉంది. అటు ఇంత చోటుంది కదా."

"నాకు ఇక్కడే కావాలి."

ఆ సందులో తన మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఎటు చూసినా నేనే కనిపించాలి. గోడ నా వీపు వెనక పడిపోయింది. చాలాసేపు కళ్ళు మూసుకునే ఉంది. తర్వాత ముక్కు చిట్లించింది.

"నూనె వాసన కొడుతున్నారు."

"వెళ్ళి కడుక్కు రానా?"

తను లేస్తుందేమో, అటు తిరుగుతుందేమో అని ఊపిరి బిగబట్టాను. నా చేయి తీసుకుని తన మొహం దగ్గర పెట్టుకుంది. పీల్చలేదు. ఊరికే పెట్టుకుని ఉంచుకుంది.

"వద్దు. ఉండండి" అంది.